వాల్వ్ రేడియో ఇంట్లోనే బాగుచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అటక మీంచి దింపిన రేడియో ఫోటో పంపి "ఇది మోగుతుందంటారా?" అని అడిగేవాళ్లకు విడివిడిగా రాసి రాసి, చివరికి ఇదంతా ఒకచోట పెట్టాను. వాల్వులంటే ట్రాన్సిస్టర్లకు ముందు కాలపు రేడియోల్లో వెలిగే గాజు గొట్టాలు. నేను మెకానిక్‌ని కాను. ఆదివారాలు సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ఉద్యోగస్తుణ్ణి. ఇంట్లో పదకొండు సెట్లున్నాయి, తొమ్మిది పాడతాయి, మిగతా రెండూ నా దగ్గర ఓపిక మిగిలినప్పుడు పాడతాయి. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే చదువుకోవచ్చు.

## అటక మీంచి దింపగానే

మా తాతగారి రేడియో దొరికింది. ఒక్కసారి ప్లగ్ పెట్టి చూడమంటారా?

వద్దు. నా మొదటి సెట్టుకు నేను చేసిన పని అదే. డయలు లైటు వెలిగింది, అరనిమిషానికి గరగర మొదలైంది, వెనకాల ఎవరిదో పాట లీలగా వినబడింది. ఇంట్లో వాళ్లందర్నీ పిలిచాను. వాళ్లు వచ్చేసరికి గదంతా కాలిన మైనం వాసన. స్పీకర్‌కు పాట అందించే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయింది, దాంతోపాటు ఔట్‌పుట్ వాల్వూ పోయింది. ఆ రెండు నిమిషాల ముచ్చట తీర్చుకున్నందుకు విడిభాగాల కోసం ఐదు నెలలు తిరిగాను.

కారణం ఏమిటంటే, లోపలి కాగితం కండెన్సర్లు ఇన్నేళ్లలో చెమ్మ పీల్చి లీకవుతుంటాయి. కరెంటు ఒడుదుడుకులను సరిచేసే ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోతాయి. వైర్ల మీది రబ్బరు పెళుసెక్కి, వేలు తగిలితే రాలిపోతుంది. ముప్పై ఏళ్లు ఆగిన రేడియో ఇంకో నెల ఆగగలదు. ముందు వెనక అట్ట విప్పండి.

విప్పాను. లోపలంతా దుమ్ము, ఎలుకల గూడు. ఎక్కడ మొదలుపెట్టాలి?

తుడవకముందే నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. ఏ వాల్వ్ ఏ సాకెట్‌లో ఉంది, డయలు దారం ఏ చక్రం మీంచి ఎటు తిరిగింది అన్నది రేపు ఆ ఫోటోలే చెబుతాయి. పెట్టె లోపలి గోడకో వెనక అట్టకో కాగితం అంటించి ఉంటే దాన్ని జాగ్రత్తగా కాపాడండి. వాల్వుల నంబర్లు, ఒక్కోసారి పూర్తి సర్క్యూట్ కూడా దాని మీదే ఉంటాయి.

తర్వాత మెత్తటి పెయింటింగ్ బ్రష్షుతో దుమ్ము దులపండి. తడిగుడ్డ పెట్టొద్దు. ఎలుక మూత్రం పడిన చోట ఛాసిస్ (భాగాలన్నీ బిగించిన ఇనప చట్రం) తుప్పు పట్టి ఉంటుంది, అక్కడి తీగలూ తినేసి ఉంటాయి. ముక్కుకు మాస్కు కట్టుకోండి. కొన్ని సెట్లలో బాగా వేడెక్కే రెసిస్టర్ల దగ్గర ఆస్‌బెస్టాస్ అట్ట పెట్టేవారు. దాన్ని గీకొద్దు, కదపొద్దు.

ఇది ఏ సంవత్సరం సెట్టో ఎలా తెలుసుకోవాలి?

కచ్చితమైన సంవత్సరం అరుదుగా దొరుకుతుంది గానీ దశాబ్దం పట్టుకోవచ్చు. మొదటి ఆధారం వాల్వులు. నల్లటి బేస్, మధ్యలో లావుపాటి గూటం ఉన్న ఆక్టల్ వాల్వులు 1930ల మధ్య నుంచి ఉన్నాయి. గాజు అంచుకు చిన్న బొడిపె ఉండే ఎనిమిది కాళ్ల రిమ్‌లాక్ వాల్వులుంటే 1940ల చివరా 1950ల మొదలూ అనుకోవచ్చు. తొమ్మిది సన్నటి కాళ్లవి, అంటే ఈసీహెచ్ 81, ఈఎల్ 84 లాంటివి కనబడితే 1950ల మధ్య నుంచి 1960ల దాకా. వాల్వ్ మీద బీఈఎల్ అని ఉంటే ఆ వాల్వ్ 1961 తర్వాతిది. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ రిసీవింగ్ వాల్వుల తయారీ మొదలుపెట్టింది అప్పుడే. అయితే అది మధ్యలో మార్చిన వాల్వ్ కూడా కావచ్చు, కాబట్టి ఒక్కదాన్నే నమ్మొద్దు.

రెండో ఆధారం డయలు. దాని మీద విజయవాడ పేరుంటే సెట్టు 1948 డిసెంబర్‌కు ముందుది కాదు, ఆ కేంద్రం మొదలైందే అప్పుడు. విశాఖపట్నం ఉంటే 1963కు ఇటువైపు.

పాత సామాన్ల దుకాణంలో ఒకటి చూశాను. ఏం చూసి కొనాలి?

మళ్లీ దొరకని వస్తువులు చూసి కొనండి. డయలు గాజు, నాబ్‌లు, పెట్టె, వెనక అట్ట, స్పీకర్ ముందరి గుడ్డ. ఇవి బాగుంటే లోపల ఎంత దరిద్రంగా ఉన్నా లాగించవచ్చు. కండెన్సర్లు, రెసిస్టర్లు కొత్తవే దొరుకుతాయి, వాల్వులు వెతికితే దొరుకుతాయి. పగిలిన డయలు గాజుకు మాత్రం అదే మోడల్ ఇంకో సెట్టు చచ్చిపోవాల్సిందే. పైకి పాలిష్ మెరుస్తూ లోపల చైనా ఎఫ్ఎం బోర్డు పెట్టినవి ఈమధ్య ఎక్కువయ్యాయి. వెనక అట్ట విప్పనివ్వకపోతే వచ్చేయండి.

"వర్కింగ్ కండిషన్" అన్న మాటకు ఎక్కువ ధర ఇవ్వొద్దు. ఎటూ కండెన్సర్లు మార్చేది మీరే.

## కరెంటు ఇచ్చే ముందు

రేడియో ముట్టుకుంటే షాక్ కొడుతోంది. ఎర్త్ ఇస్తే పోతుందా?

ఎర్త్ తగిలించకండి, ముందు ప్లగ్ పీకండి. మీది బహుశా ఏసీ/డీసీ సెట్టు. ఒకప్పుడు కలకత్తా లాంటి నగరాల్లో కొన్ని పేటలకు డీసీ కరెంటు వచ్చేది. రెంటి మీదా నడిచేలా, పైగా చవగ్గా, మెయిన్స్ (అంటే గోడ కరెంటు) ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఈ సెట్లు చేశారు. ట్రాన్స్‌ఫార్మర్ లేదు కాబట్టి గోడ కరెంటు తీగల్లో ఒకటి నేరుగా ఇనప ఛాసిస్‌కే కలిసి ఉంటుంది. ప్లగ్ ఒక వైపు పెడితే ఛాసిస్‌కు న్యూట్రల్, తిప్పి పెడితే ఫేజ్. రెండు పిన్నుల ప్లగ్ కనుక ఏ రోజు ఎటు పెట్టారో మీకే తెలియదు. అలాంటి ఛాసిస్‌కు ఎర్త్ కలిపితే ఫ్యూజు ఎగిరిపోతుంది, లేదా అంతకన్నా చెడ్డది జరుగుతుంది.

ఈ సెట్లలో నాబ్‌ను బిగించే చిన్న స్క్రూ ఉన్న గుంతను మైనంతో పూడ్చి ఉంచేవారు. అది అందం కోసం కాదు. నాబ్ ఊడిపోతే బయటికి కనబడే ఆ లోహపు కడ్డీ ఛాసిస్‌లో భాగమే, అంటే దాని మీద 230 వోల్టులు ఉండవచ్చు. నాబ్ లేని, వెనక అట్ట లేని ఏసీ/డీసీ సెట్టును పిల్లలున్న ఇంట్లో ప్లగ్‌కు పెట్టనే వద్దు.

గుర్తుపట్టడం తేలిక. లోపల బరువైన మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ లేకపోయినా, వాల్వుల నంబర్లు 'యు'తో మొదలైనా (యుసీహెచ్ 81, యుఎల్ 84, యువై 85) అది ఏసీ/డీసీయే. 'ఈ'తో మొదలైతే (ఈసీహెచ్ 81, ఈఎల్ 84) సాధారణంగా ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఏసీ సెట్టు. ఏసీ/డీసీ సెట్టు మీద పనిచేయాలంటే 230 తీసుకుని 230 వోల్టులే ఇస్తూ, సెట్టును గోడ కరెంటు నుంచి విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి, 100 వీఏది చాలు. ఇంట్లో స్టెబిలైజర్ ఉందిగా అంటారు కొందరు. స్టెబిలైజరూ, వోల్టేజీ పెంచి తగ్గించే వేరియాక్ కూడా మిమ్మల్ని గోడ కరెంటు నుంచి విడదీయవు.

సీరీస్ బల్బు అంటారే, అదెందుకు?

ఎలక్ట్రీషియన్ దగ్గర ఉండే టెస్టింగ్ బోర్డు లాంటిదే. ఫేజ్ తీగ మధ్యలో 60 లేదా 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టి, దాని ద్వారా రేడియోకు కరెంటు ఇస్తాం. లోపల షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, రేడియో బతికిపోతుంది. అంతా సవ్యంగా ఉంటే మొదట కాస్త వెలిగి, మందగించి, వాల్వులు వేడెక్కాక నెమ్మదిగా మళ్లీ కొంచెం పెరుగుతుంది. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. షాక్ నుంచి ఇది కాపాడదు, రేడియోను మాత్రమే కాపాడుతుంది.

వెనక 110, 200, 220, 240 అని బిళ్ల ఉంది. దేనికి పెట్టాలి?

240కి, అంతకంటే పైది ఉంటే దానికి. మన సరఫరా పేరుకు 230, రాత్రిపూట ఇంకా పైకి పోయే ఊళ్లు చాలా ఉన్నాయి. కొంచెం తక్కువ వోల్టేజీ అందితే వాల్వులకు హాని లేదు.

ప్లగ్ తీసేశాక లోపల చెయ్యి పెట్టొచ్చుగా?

వెంటనే కాదు. ఫిల్టర్ కండెన్సర్లలో 200 నుంచి 300 వోల్టుల డీసీ నిలవ ఉంటుంది. 5 వాట్ల రెసిస్టర్ ఒకటి, 2 కిలోఓముల నుంచి 10 కిలోఓముల మధ్యది, రెండు వైపులా తీగలు అంటించి తొడుగు వేసి ఉంచుకోండి. దాన్ని కండెన్సర్ రెండు కొసలకూ కొన్ని సెకన్లు ఆనించి, మీటరుతో సున్నా చూసుకున్నాక చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో టప్పుమనిపించే మెకానిక్కులను చూసి నేర్చుకోవద్దు. సెట్టు ఆన్‌లో ఉండగా కొలతలు తీయాల్సివస్తే ఎడమ చెయ్యి జేబులో ఉండాలి. పాతవాళ్లు చెప్పే ఈ మాట చాదస్తం కాదు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది.

## బల్ల మీద

కండెన్సర్లన్నీ మార్చాలా, చెడిపోయినవి మాత్రమే మార్చాలా?

గోధుమరంగు మైనం పూసిన, లేదా నల్ల తారు కారుతున్న కాగితం కండెన్సర్లన్నీ మార్చేయండి. బాగున్నది ఏదో వెతకడానికి పట్టే సమయంలో నాలుగు మార్చవచ్చు. మైకా కండెన్సర్లు, సిరామిక్‌వి చాలావరకు బాగానే ఉంటాయి, వాటి జోలికి పోవద్దు.

ఒక్కటే మార్చే ఓపిక ఉందంటే, ఔట్‌పుట్ వాల్వ్ గ్రిడ్‌కు (వాల్వ్‌లో కరెంటును అదుపు చేసే జాలీకి) పోయే కప్లింగ్ కండెన్సర్ మార్చండి. సాధారణంగా 0.01 మైక్రోఫారడ్ ఉంటుంది. దీనికి ఒక పక్క వంద వోల్టుల దాకా ఉంటుంది, రెండో పక్క ఉండకూడదు. ఇది లీకైతే గ్రిడ్ పాజిటివ్ అయి, వాల్వ్ ఒళ్లు తెలియకుండా కరెంటు లాగుతుంది. ముందు గొంతు బొంగురుపోతుంది, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. నా మొదటి సెట్టును తిన్నది ఈ అరంగుళం ముక్కే. కొత్తది 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్ వేయండి.

ఫిల్టర్ కండెన్సర్లలో 'ఎక్కువ వేస్తే హమ్మింగ్ తగ్గుతుంది' అని 220 మైక్రోఫారడ్ వేసేవాళ్లున్నారు. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వ్ అంత మోయలేదు. ఈజడ్ 80 అనే రెక్టిఫయర్‌కు మొదటి కండెన్సర్ 50 మైక్రోఫారడ్ దాటకూడదు. పాతది ఎంత ఉంటే అంత, లేదా దాని పక్క విలువ చాలు. మెయిన్స్ తీగల మధ్య ఉండే చిన్న కండెన్సర్ బదులు గోడ కరెంటు కోసమే చేసే ఎక్స్2 రకమే వాడండి.

ఒకేసారి పది పీకి పది పెట్టొద్దు. ఒకటి తీసి, ఒకటి పెట్టి, ఫోటోతో పోల్చుకుని, ఆ తర్వాత ఇంకోటి.

'గూఁ' అని హమ్మింగ్ ఆగడం లేదు.

వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా అంతే ఉంటే ఫిల్టర్ కండెన్సర్లను అనుమానించండి. వాల్యూమ్‌తో పాటు పెరిగి తగ్గుతుంటే తప్పు అంతకు ముందు దశలో ఉంది: ఊడిన షీల్డు తీగో, వాల్యూమ్ కంట్రోల్ దగ్గర తెగిన ఎర్తో. స్టేషన్ మీద ఉన్నప్పుడు మాత్రమే హమ్మింగ్ వస్తే మెయిన్స్ కండెన్సర్ మార్చి చూడండి.

వాల్వులన్నీ ఒకేసారి ఆరిపోయాయి. అన్నీ కాలిపోయాయా?

ఒక్కటే పోయి ఉంటుంది. ఏసీ/డీసీ సెట్లలో హీటర్లన్నీ (వాల్వులను వేడిచేసే తీగలు) పెళ్లిపందిరి సీరియల్ బల్బుల్లా వరసగా కలిపి ఉంటాయి. ఒకటి తెగితే అన్నీ చీకటే. లెక్క చూడండి: యుసీహెచ్ 81కి 19 వోల్టులు, యుబీఎఫ్ 89కి 19, యుబీసీ 81కి 14, యుఎల్ 84కి 45, యువై 85కి 38. మొత్తం 135. అన్నింట్లోనూ పారేది 100 మిల్లీఆంపియర్లే. 230లో మిగిలిన 95 వోల్టులనూ ఒక పెద్ద డ్రాపర్ రెసిస్టర్ వేడిగా తగలేస్తుంది. 950 ఓములు, తొమ్మిదిన్నర వాట్లు. అందుకే ఆ సెట్లు అంత వేడి.

ప్లగ్ తీసి, చల్లారాక, ఒక్కో వాల్వ్ బయటికి తీసి హీటర్ కాళ్ల మధ్య మీటరుతో కంటిన్యుటీ (తీగ తెగకుండా ఉందా అన్నది) చూడండి. వాల్వులన్నీ బాగుంటే డ్రాపర్ తెగింది.

టెస్టర్ లేకుండా వాల్వ్ బాగుందో లేదో చెప్పొచ్చా?

చచ్చినదాన్ని చెప్పొచ్చు, బలం తగ్గినదాన్ని కష్టం. గాజు లోపల, ఎక్కువగా పైభాగాన, అద్దంలాంటి వెండి మచ్చ ఉంటుంది. దాన్ని గెటర్ అంటారు. లోపల మిగిలిన గాలిని పీల్చుకోవడం దాని పని. ఆ మచ్చ పాలలా తెల్లబడిందంటే గాజు ఎక్కడో చిట్లి గాలి దూరింది, ఆ వాల్వ్ అయిపోయింది. వెండి మెరుపు ఉండి, హీటర్ తెగకుండా ఉంటే నూటికి ఎనభై వంతులు పనిచేస్తుందన్నది నా అనుభవం. అసలు వాల్వులు మనం భయపడేంత సున్నితమైనవి కావు. పక్కనున్న పైసా కండెన్సర్ వాటి మీద నేరం మోపిస్తుంది.

వాల్వ్ నంబరు చెరిగిపోయింది. ఏదో కనుక్కోవడం ఎలా?

నోటితో ఆవిరి ఊది, వెలుగుకు వంచి చూడండి. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీసినా అంకెలు లీలగా తేలతాయి. వేలితో మాత్రం రుద్దొద్దు, ఉన్నదీ పోతుంది.

లోపలి అల్యూమినియం డబ్బాల్లో స్క్రూలు వదులుగా ఉన్నాయి, బిగించాను. ఇప్పుడు స్టేషన్లే లేవు!

అవి వదులైన స్క్రూలు కావు, స్టేషన్‌ను ఏరి పట్టే ఐఎఫ్ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ) ట్రాన్స్‌ఫార్మర్ల ట్యూనింగ్ కోర్లు. చాలా సెట్లలో 455 కిలోహెర్ట్జ్ దగ్గర సరిచేసి ఉంచుతారు. వాటిని మళ్లీ కూర్చాలంటే సిగ్నల్ జనరేటరూ ప్లాస్టిక్ ట్రిమ్మింగ్ పుల్లా కావాలి. ఇనప స్క్రూడ్రైవర్ పెడితే ట్యూనింగ్ మారడమే కాదు, కోరు చిట్లి గొట్టంలోనే ఇరుక్కుంటుంది. బిగించడం అలవాటైన చేతులకు ఈ డబ్బాలు ఒక శాపం.

కరెంటు తీగే లేదు, రకరకాల పిన్నుల సాకెట్ ఉంది. ఇదేం రేడియో?

బ్యాటరీ సెట్టు. కరెంటు రాని పల్లెల కోసం చేసినవి. డీకే 96, డీఎఫ్ 96, డీఏఎఫ్ 96, డీఎల్ 96 అని 'డీ'తో మొదలయ్యే వాల్వులుంటాయి. ఫిలమెంట్లకు ఒకటిన్నర వోల్టులు, హెచ్‌టీకి (వాల్వుల హై టెన్షన్ సరఫరాకు) 90 వోల్టులు కావాలి. పది 9 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపితే 90 వస్తుంది, ఒక పెద్ద టార్చి సెల్లు ఫిలమెంట్లకు చాలు. తీగలు తారుమారై 90 వోల్టులు ఫిలమెంటుకు పోతే నాలుగు వాల్వులూ ఒక్క మెరుపుతో పోతాయి. మళ్లీ కొనడమే. ముందు ఏ తీగ ఎటు పోతుందో మీటరుతో రాసుకోండి.

విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి?

కండెన్సర్లు, రెసిస్టర్లు హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరు ఎస్పీ రోడ్డులో తేలిగ్గా దొరుకుతాయి. వాల్వులు ఆన్‌లైన్‌లోనూ, షట్టరు సగం దించుకుని కూర్చునే పాత రేడియో మెకానిక్కుల దగ్గరా. రెండో చోటుకే ముందు వెళ్లండి. వాల్వ్‌తో పాటు ఒక గంట పాఠం ఉచితంగా వస్తుంది.

## పెట్టె, డయలు, స్పీకర్

డయలు గాజు మురికిగా ఉంది. కోలిన్ కొట్టి తుడవొచ్చా?

ముందు వైపు మాత్రం, గుడ్డ మీద కొట్టుకుని. ఊళ్ల పేర్లు గాజు వెనక వైపు రంగుతో ముద్రించి ఉంటాయి. ఒక్క తడి చెయ్యి వేస్తే ఢిల్లీ, సిలోన్ కలిసి గుడ్డకు అంటుకుని వచ్చేస్తాయి. వెనక వైపు పొడి బ్రష్షు తప్ప ఏదీ వద్దు.

డయలు ముల్లు కదలడం లేదు, దారం తెగింది.

చేపల గాలానికి వాడే నైలాన్ తీగ వేయకండి. సాగుతుంది, నున్నగా జారుతుంది. పేనిన గట్టి దారమే కావాలి. చక్రం మీద ఎన్ని చుట్లు, ఎటు నుంచి అన్నది పాత దారపు గుర్తులు, మైనం మరకలు చెబుతాయి. మూడుసార్లు విఫలమవుతారు. నాలుగోసారి ఇంకొకరు ముల్లు పట్టుకుంటే వస్తుంది.

చెక్క పెట్టెకు వార్నిష్ వేయనా?

ముందు మెత్తటి గుడ్డతో మురికి తీసి చూడండి, సగం పెట్టెలకు అంతకుమించి అక్కర్లేదు. పాలిష్ నిజంగా పోయి ఉంటే మన వడ్రంగులు వేసే లక్క స్పిరిట్ పాలిష్ పల్చగా పూతలు పూతలుగా వేయించండి. మెరిసిపోయే టచ్‌వుడ్ పూతతో కొత్త టీవీ స్టాండులా చేసినవి చూస్తే నాకు దిగులు. పుచ్చు పొడి రాలుతుంటే ముందు పురుగుల మందు, తర్వాతే పాలిష్.

బేకలైట్ పెట్టె అయితే ఇత్తడి సామాన్లకు వాడే పాలిష్ కొద్దిగా గుడ్డ మీద వేసి రుద్దండి.

స్పీకర్ కాగితం చిరిగింది.

టిష్యూ కాగితం ముక్క, నీళ్లు కలిపిన ఫెవికాల్. పల్చగా. స్పీకర్ తీగలు ఊడదీసి సెట్టు మాత్రం ఆన్ చేయొద్దు, లోడు లేక ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది.

## మోగాక

ఇప్పుడు ఇందులో ఏ స్టేషన్లు వస్తాయి? డయలు మీద పేరున్న చోట రావడం లేదు.

ఎఫ్ఎం రాదు. మీడియం వేవ్‌లో ఆకాశవాణి కేంద్రాల కోసం వెతకండి. హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్, విజయవాడ 837, కడప 900, విశాఖపట్నం 927 అన్నవి మనం వింటూ పెరిగిన అంకెలు. డయలు మీటర్లలో ఉంటే 3,00,000ను కిలోహెర్ట్జ్‌తో భాగించండి. విజయవాడకు 358.4 మీటర్లు వస్తుంది. పొద్దున్నే అనౌన్సరు గొంతులో విన్నవాళ్లకు ఆ అంకె లెక్క కట్టనవసరం లేదు. మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు చాలాచోట్ల తగ్గించేస్తున్నారు కాబట్టి ముందు ఒక చిన్న ట్రాన్సిస్టర్‌తో మీ ఊళ్లో ఏది వస్తోందో చూసుకోండి.

పేరు ఒకచోట, గొంతు ఇంకోచోట ఉండడం సెట్టు తప్పు కాకపోవచ్చు. 1978 నవంబర్‌లో రేడియో ఫ్రీక్వెన్సీల పంపకం మీద జెనీవా ఒప్పందం అమలై, మన మీడియం వేవ్ స్టేషన్లన్నీ 9 కిలోహెర్ట్జ్ ఎడంతో సర్దుకున్నాయి. మీ డయలు అంతకు ముందుది.

పగలంతా బరబర, రాత్రి మాత్రం దూరపు స్టేషన్లు వస్తున్నాయి. ఎందుకు?

పగలు ఎండకు పై వాతావరణంలో ఏర్పడే పొర మీడియం వేవ్‌ను మింగేస్తుంది. చీకటి పడ్డాక అది పోయి, తరంగాలు ఇంకా పైనుంచి తిరిగివస్తాయి. బరబర మాత్రం మీ ఇంటిదే. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టరు ఒక్కొక్కటి ఆపి చూడండి. మా ఇంట్లో దొంగ దేవుడి గదిలోని ఎల్ఈడీ దీపం. డాబా మీద పదిహేను మీటర్ల రాగి తీగ ఏరియల్‌గా కడితే సగం గోల తగ్గుతుంది. వాన, ఉరుముల రోజుల్లో దాన్ని సెట్టు నుంచి ఊడదీయాలి.

స్టేషన్లు లేవు కదా, లోపలిది తీసేసి బ్లూటూత్ పెట్టించుకోనా?

రేడియో మీది, ఇష్టమూ మీదే. నేను మాత్రం పెట్టను, పెట్టిపెట్టను. చాలా సెట్ల వెనక గ్రామఫోన్ పికప్ కోసం రెండు కన్నాలుంటాయి. వాటికి ఫోన్ నుంచి పాట ఇస్తే అదే వాల్వులు, అదే స్పీకర్, అదే గొంతుతో పాడుతుంది. ఏదీ కోయనక్కర్లేదు. ఏసీ/డీసీ సెట్టయితే ఆ కన్నాల్లోనూ మెయిన్స్ ఉండవచ్చు. మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఫోన్ కలపొద్దు.

స్టేషన్ సరిగా కుదిరిందో లేదో చూపే మేజిక్ ఐ పచ్చ వెలుగు మసకబారింది.

దాని లోపలి పూత అరిగింది, తిరిగి రాదు. కొత్తది దొరికితే దాచుకుని, పండగలకు వేసుకోండి. అది లేకపోయినా రేడియో మోగుతుంది.

## పోగుచేసేవాళ్లకు

ఎన్ని సెట్లు పోగుచేయాలి? ఏ కంపెనీవి?

మర్ఫీ, ఫిలిప్స్, బుష్, జీఈసీ, నేషనల్ ఎకో, హెచ్ఎంవీ మన ఇళ్లలో ఎక్కువగా కనబడ్డవి. మొదట ఫిలిప్స్ లేదా మర్ఫీ ఏసీ సెట్టుతో మొదలుపెట్టండి, సర్క్యూట్లు తేలిగ్గా దొరుకుతాయి. ఎన్ని అన్నది ఇంట్లోవాళ్లు నిర్ణయిస్తారు. మా ఆవిడ పదకొండు దగ్గర గీత గీసింది. ఇప్పుడు ఒకటి వస్తే ఒకటి పోవాలి.

రేడియోతో పాటు పోస్టాఫీసు ముద్రలున్న చిన్న పుస్తకం దొరికింది. పారేయనా?

అయ్యో, వద్దు. అది రేడియో లైసెన్సు పుస్తకం. 1980ల దాకా ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో ఏటా ఫీజు కట్టాలి, కట్టినట్టు అందులో స్టాంపులు అంటించి ముద్ర కొట్టేవారు. సెట్టు ఎవరిది, ఏ ఊళ్లో మోగింది అన్నది దాన్ని బట్టే తెలుస్తుంది. సెట్టు పెట్టెలోనే ప్లాస్టిక్ కవరులో పెట్టి ఉంచండి.

బాగుచేసి షోకేసులో పెట్టేశాను. ఇక చాలుగా?

నెలకు ఒకసారైనా గంటసేపు మోగించండి. వాడకపోతే ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు (ఫిల్టర్ కండెన్సర్లు ఈ రకమే) మళ్లీ పాడవుతాయి, వేడి తగలక చెమ్మ చేరుతుంది. మోగేటప్పుడు వెనక నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి, పైన గుడ్డ కప్పొద్దు. మనిషి గదిలో లేకపోతే ప్లగ్ తీసేయాలి. నేను ఆదివారం పొద్దున కాఫీ కలిపేటప్పుడు ఒక సెట్టు ఆన్ చేస్తాను. డికాషన్ దిగేసరికి వాల్వులు వేడెక్కుతాయి.